త్రీనాట్‌త్రీ గొప్పదా, మౌజర్ గొప్పదా?

త్రీనాట్‌త్రీ అన్న మాట వినని తెలుగువాళ్ళు అరుదు. కోర్టు వాయిదాకు ముద్దాయిని తీసుకెళ్ళే కానిస్టేబుల్ భుజాన, ట్రెజరీ కాపలా దగ్గర, ఎన్నికల నాడు పోలింగు బూతు ముందు, ఆ చెక్క ఒంటి తుపాకీని మన రెండు మూడు తరాలు చూస్తూ పెరిగాయి. దాని గురించి రెండు రకాల మాటలు వింటుంటాం. తాత ముత్తాతల నాటి డొక్కు అంటారు కొందరు. దాన్ని మించిన తుపాకీ ఇంతవరకు పుట్టలేదంటారు మరికొందరు, ముఖ్యంగా పాత మిలిటరీవాళ్ళు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఇవాళ తీరిగ్గా కూర్చున్నాం కాబట్టి ఆ నిజమెంతో చూద్దాం. త్రీనాట్‌త్రీని ఒక్కదాన్నే పట్టుకుంటే తేలదు. దాని తోటివాళ్ళను కూడా పక్కన నిలబెట్టాలి: జర్మన్ల మౌజర్, రష్యన్ల మోసిన్, కెనడావాళ్ళ రాస్, అమెరికన్ల స్ప్రింగ్‌ఫీల్డ్.

మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువు మీద అంత ఆసక్తి ఎందుకని మీరడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఒక రైఫిలును విప్పి చూస్తే ఏదో ఒక ఆఫీసులో బల్ల దగ్గర కూర్చుని ఎవరో చేసిన నిర్ణయాలన్నీ అందులో కనిపిస్తాయి. ఆ నిర్ణయం మంచిదైతే ఆ తుపాకీ మోసినవాడు ఇంటికొచ్చాడు. చెడ్డదైతే వాడు పోయాడు, నిర్ణయం చేసినవాడు బల్ల దగ్గరే ఉన్నాడు. నన్ను ఈ పాత రైఫిళ్ళ దగ్గరికి లాక్కెళ్ళేది అదే.

ముందు కొంచెం యంత్రం సంగతి. ఈ తరం రైఫిళ్ళలో గుండెకాయ బోల్టు. తలుపు గడియ ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే: పైకి తిప్పి వెనక్కి లాగితే తెరుచుకుంటుంది, ముందుకు తోసి కిందికి తిప్పితే బిగుసుకుంటుంది. వెనక్కి లాగినప్పుడు పేలిపోయిన తూటా ఖోళం బయటపడుతుంది, ముందుకు తోసినప్పుడు కొత్త తూటా గొట్టంలోకి వెళుతుంది. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడంతా ఆ బోల్టు మీదే పడుతుంది. అది వెనక్కి ఎగిరి కాల్చేవాడి మొహానికి తగలకుండా దానికి బొడిపెలుంటాయి. అవి గాడుల్లో ఇరుక్కుని బోల్టును ఆపుతాయి. ఆ బొడిపెలు బోల్టుకు ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? లీ ఎన్‌ఫీల్డ్‌కూ మౌజర్‌కూ మధ్య తగువంతా అక్కడే మొదలవుతుంది.

మన త్రీనాట్‌త్రీ అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. స్కాట్లండ్‌లో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో స్థిరపడ్డ జేమ్స్ పారిస్ లీ దాని బోల్టునూ మేగజైన్‌నూ రూపొందించాడు. ఎన్‌ఫీల్డ్ అన్నది లండన్ దగ్గర ఒకప్పుడున్న ప్రభుత్వ ఆయుధ కర్మాగారం. లీ బొడిపెలను వెనక పెట్టాడు. దానివల్ల బోల్టును వెనక్కి లాగాల్సిన దూరం తగ్గింది, పైకి ఎత్తాల్సిన కోణం 60 డిగ్రీలే అయింది. బట్‌ను భుజం మీంచి దించకుండా, కన్ను గురి మీంచి తీయకుండానే తూటా మీద తూటా కాల్చొచ్చు. పైగా మేగజైన్‌లో 10 తూటాలు పడతాయి.

జర్మనీలో ఒబెర్న్‌డోర్ఫ్ అనే ఊళ్ళో పాల్ మౌజర్ దీనికి ఎదురు దారి పట్టాడు. 1898లో జర్మన్ సైన్యం తీసుకున్న అతని రైఫిల్లో రెండు పెద్ద బొడిపెలు బోల్టుకు ముందున్నాయి, తూటా వెన్నంటే. వెనక మూడోది అదనపు రక్షణ. ఒకవేళ తూటా అడుగు చిట్లితే వేడి వాయువు పక్కకు పోయేందుకు బోల్టుకు కన్నాలు కూడా పెట్టాడు. బోల్టుకు పక్కనే ఒక పొడవాటి ఉక్కు కొక్కెం ఉంటుంది. తూటా మేగజైన్‌లోంచి లేవగానే అది దాని అంచు పట్టుకుంటుంది, బయటికి విసిరేదాకా వదలదు. తుపాకీని తలకిందులుగా పట్టుకుని కాల్చినా తూటా జారిపోదు. ఇవాళ వేటకు వాడే బోల్టు రైఫిళ్ళలో సగానికి సగం మౌజర్ బిడ్డలో మనవలో అనడం అతిశయం కాదు.

మరి ఏది గొప్ప? ఇక్కడ ఒక సంగతి గమనించండి. లీ ఎన్‌ఫీల్డ్‌కు వేగమిచ్చింది వెనక బొడిపెలు. దాని లోపం కూడా అవే. పేలుడు ఒత్తిడికి బోల్టు, దాని చుట్టూ ఉన్న ఉక్కు పిసరంత సాగుతాయి, తూటా ఖోళమూ సాగుతుంది, మరీ దూరపు గురిలో ఆ తేడా తెలుస్తుంది. మౌజర్‌కు బలమిచ్చింది ముందు బొడిపెలు. కానీ అవి ఇరుక్కునే గాడులు లోతుగా, తూటా గది పక్కనే ఉంటాయి. అక్కడ చేరిన మట్టిని కందకంలో కూర్చుని తుడవడం కష్టం. బోల్టును పైకి 90 డిగ్రీలు ఎత్తాలి. అంత ఎత్తి, అంత దూరం లాగేసరికి కన్ను గురి మీంచి పక్కకు పోతుంది. మేగజైన్‌లో పట్టేవి 5 తూటాలే. బలమూ బలహీనతా ఒకే బొడిపెలో ఉన్నాయన్నమాట. నేను చూసిన పాత రైఫిళ్ళన్నిటి కథా ఇంతే: గుణాన్ని ఉంచుకుని దోషాన్ని మాత్రం కోసి పారేయడం ఎవరి వల్లా కాలేదు.

త్రీనాట్‌త్రీకి తూటాలోనే ఒక చిక్కుంది. ఆ తూటాను అరచేతిలో పెట్టుకుని చూడండి. మూడంగుళాల పైచిలుకు పొడవు, ఇత్తడి ఒళ్ళు, అడుగున చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన అంచు. ఆ అంచును పట్టుకునే బోల్టు ఖోళాన్ని బయటికి లాగుతుంది. మౌజర్ తూటాకు అలా పొడుచుకొచ్చిన అంచు ఉండదు, అడుగున గాడి ఉంటుంది. ఇప్పుడు ఈ త్రీనాట్‌త్రీ తూటాలను ఒకదాని మీద ఒకటి మేగజైన్‌లోకి నొక్కండి. పైదాని అంచు కిందిదాని అంచుకు ముందు పడాలి. పొరపాటున వెనక పడిందో, బోల్టు పై తూటాను తోసినప్పుడు దాని అంచు కింది తూటా అంచుకు తగులుకుంటుంది, రెండూ కలిసి ఇరుక్కుంటాయి. గుళ్ళు కురుస్తుంటే, చేతులు వణుకుతుంటే, చీకట్లో, ఐదేసి తూటాలను వరసగా పేర్చుకోవాల్సిన పని అది. సిపాయి వేళ్ళకు ఆ వరస అలవాటయ్యేదాకా కసరత్తు చేయించేవాళ్ళంటే కారణం ఇదే.

ఇంగ్లిషువాళ్ళు ఈ తుపాకీ లోపాలు తెలియక వాడారనుకోకండి. 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బోయర్ రైతులతో యుద్ధం చేసినప్పుడు ఎదుటివాళ్ళ చేతిలో మౌజర్లున్నాయి. క్లిప్పుతో ఐదు తూటాలూ ఒక్క నొక్కుతో ఎక్కించి, చాలా దూరం నుంచి గురి తప్పకుండా కొట్టారు. బ్రిటిష్ సిపాయి తూటాలను ఒక్కొక్కటే ఎక్కించుకుంటున్నాడు. ఆ దెబ్బతో పుట్టిందే పొట్టి లీ ఎన్‌ఫీల్డ్, మనం పోలీసుల భుజాన చూసిన ఆ మొద్దు మూతిది. గొట్టాన్ని ఇరవై ఐదంగుళాలకు కుదించారు, క్లిప్పుతో ఎక్కించే ఏర్పాటు చేశారు. 1907లో దాని మార్క్ త్రీ వచ్చింది. గురికాళ్ళ పోటీల్లో పండిన పెద్దలంతా దాన్ని తిట్టిపోశారు. గొట్టం పొట్టి, గురి నిలవదు, మౌజర్ పద్ధతే మేలన్నారు. ప్రభుత్వం వాళ్ళ మాట విని మౌజర్ తరహాలో కొత్త రైఫిలు తయారు చేయించడం మొదలుపెట్టింది కూడా. ఇంతలో 1914 వచ్చింది. చేతిలో ఉన్నదాంతోనే యుద్ధానికి పోవాల్సి వచ్చింది.

ఆ ఆగస్టు 23న బెల్జియంలో మోన్స్ దగ్గర ఏం జరిగిందో సైనిక చరిత్ర చదివేవాళ్ళకు కంఠతా వచ్చు. నిమిషంలో 300 గజాల గురి మీద కనీసం 15 తూటాలు కాల్చేలా తర్ఫీదైన బ్రిటిష్ సిపాయిలు అక్కడ నిలబడ్డారు. ఎదురొచ్చిన జర్మన్లు ఆ రైఫిలు కాల్పులను మెషిన్‌గన్ కాల్పులనుకున్నారన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. పోటీల్లో ఓడిన తుపాకీ యుద్ధంలో నెగ్గింది. అయితే ఆ ఘనతంతా తుపాకీకే కట్టబెట్టడం న్యాయం కాదు. ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన ఆ పాత సైన్యంలో ఎక్కువమంది 1914 తిరిగేసరికే చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ తర్వాత వచ్చిన కొత్త కుర్రాళ్ళకూ అదే రైఫిలిచ్చారు. ఆ వేగం మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ రోజు ఎదుటివైపున్న మౌజర్లోనూ ఒక లోపముంది. దాని వెనక గురికి అతి తక్కువ దూరం 400 మీటర్లు. అంతకంటే దగ్గరకు దాన్ని దించే వీలు లేదు. మైదానాల్లో దూరం నుంచి కాల్చుకునే యుద్ధం వస్తుందనుకుని చేసిన లెక్క అది. వచ్చిందేమో కందకాల యుద్ధం. నూరు మీటర్ల దూరంలో ఉన్న మనిషి ఛాతీకి గురిపెడితే గుండు దాని పైనుంచి పోతుంది. అంత చక్కని యంత్రం పెట్టుకుని సిపాయి కొట్టదలచిన చోటికి బాగా కిందికి గురిపెట్టాల్సి వచ్చేది. మౌజర్ చేసిన బోల్టులో తప్పులేదు, రాబోయే యుద్ధాన్ని ఊహించినవాళ్ళ లెక్కలో ఉంది తప్పు.

ఇక రష్యావాళ్ళ మోసిన్ నాగాంట్. 1891 నాటిది. మౌజర్ పక్కన పెడితే మొరటుగా కనిపిస్తుంది. బోల్టు పిడి పొట్టి, తూటా ఖోళం ఇరుక్కుంటే అరచేత్తో కొట్టి ఎత్తాలి. సేఫ్టీ వెయ్యడమైతే ఒక ప్రహసనం: వెనకున్న గుండ్రటి బుడిపెను గట్టి స్ప్రింగుకు ఎదురుగా వెనక్కి లాగి, లాగి పట్టుకునే పక్కకు తిప్పాలి. మంచులో, చేతికి మందపాటి తొడుగులతో ఆ పని చేయడం ఎంత కష్టమో ఊహించండి. కానీ దాని భాగాలు వదులుగా కూర్చినవి. మట్టి పడ్డా, గ్రీజు గడ్డకట్టినా పనిచేస్తుంది. పెద్దగా చదువూ తర్ఫీదూ లేని పల్లెటూరి కుర్రాడి చేతికిచ్చినా పాడు చేయలేడు. అన్ని రకాలూ కలిపి దాదాపు 3 కోట్ల 70 లక్షలు తయారయ్యాయని అంచనా.

దాని మొరటుతనం చూసి గురి లేదనుకోకండి. ఫిన్లాండ్ 1917 దాకా రష్యా సామ్రాజ్యంలో భాగం. అందుకే ఆ దేశానికి మిగిలిన రైఫిళ్ళు మోసిన్లే. ఫిన్‌లు వాటికి తమ సొంత గొట్టాలు బిగించి, గురి సవరించుకున్నారు. 1939 చలికాలంలో రష్యా మీదికొచ్చినప్పుడు సిమో హైహా అనే రైతుబిడ్డ ఆ మోసిన్‌తోనే, టెలిస్కోపు కూడా లేకుండా, ఐదువందలకు పైగా శత్రువుల్ని కొట్టాడని లెక్క చెబుతారు. టెలిస్కోపు ఎందుకొద్దనుకున్నాడో తెలుసా? దాంట్లోంచి చూడాలంటే తల ఇంకాస్త పైకెత్తాలి, చలికి అద్దం మసకబారుతుంది, ఎండకు మెరుస్తుంది. ఇరుపక్షాల చేతుల్లోనూ ఒకే జాతి తుపాకీ. తేడా అంతా దాన్ని పట్టుకున్న మనిషిలో, అతనికి తెలిసిన నేలలో ఉంది.

నాకు వీటన్నిటిలో ఎక్కువ కోపం తెప్పించే కథ రాస్ రైఫిల్‌ది. స్కాట్లండ్ జమీందారు సర్ చార్లెస్ రాస్ దాన్ని చేశాడు. పిడి ఎత్తి తిప్పే పని లేకుండా నేరుగా వెనక్కి లాగి ముందుకు తోసేలా ఉంటుంది దాని బోల్టు. గురికాళ్ళ పోటీల్లో దాన్ని మించింది లేదు, బహుమతుల మీద బహుమతులు. కెనడా ప్రభుత్వం మురిసిపోయి తన సైన్యానికి అదే ఇచ్చింది. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ దగ్గర జర్మన్లు విషవాయువు వదిలినప్పుడు ఎదురు నిలిచినవాళ్ళలో ఈ కెనడా కుర్రాళ్ళున్నారు. మట్టి, వేడి, కొలత కాస్త అటూ ఇటూ ఉన్న తూటాలు. ఎంత ఇరుకైన కొలతలు పోటీలో బహుమతి తెచ్చిపెట్టాయో ఆ కొలతలే ఇక్కడ బోల్టును బిగబట్టేశాయి. ఊపిరాడని ఆ పొగలో కుర్రాళ్ళు బూటు కాలితో బోల్టును తన్ని తెరవాల్సి వచ్చింది. చనిపోయిన బ్రిటిష్ సిపాయిల పక్కన పడున్న లీ ఎన్‌ఫీల్డ్‌లు ఏరుకుని, రాస్‌లను అక్కడే పారేసినవాళ్ళు వందల మంది. దానికి తోడు ఆ బోల్టును విప్పి శుభ్రం చేసి తిరిగి తప్పుగా కూర్చే వీలుంది. అలా కూర్చితే అది బిగుసుకోకుండానే పేలుతుంది, బోల్టు మొహం మీదికొస్తుంది.

ఇంత జరిగినా కెనడా సైనిక మంత్రి శామ్ హ్యూస్ ఆ తుపాకీని వెనకేసుకొచ్చాడు. 1916లో గానీ దాన్ని పూర్తిగా తీసేయలేదు. ఆ తర్వాత కూడా స్నైపర్లు కొందరు రాస్‌నే ఇష్టంగా వాడుకున్నారు. దాన్ని బట్టలో చుట్టుకుని, తూటాలు ఏరి ఎంచుకుని, నింపాదిగా కాల్చేవాళ్ళకు అది నిజంగానే గొప్ప తుపాకీ. కందకంలో కుర్రాడికివ్వడమే అన్యాయం.

అమెరికన్ల స్ప్రింగ్‌ఫీల్డ్ సంగతి టూకీగా చెబుతాను. 1898లో క్యూబాలో స్పెయిన్‌వాళ్ళ మౌజర్ల దెబ్బ తిన్నాక, అమెరికా అచ్చంగా మౌజర్ పోలికలోనే 1903 మోడల్ చేసుకుంది. పేటెంట్ల కింద మౌజర్ కంపెనీకి 2 లక్షల డాలర్లు కట్టుకుంది. చక్కని రైఫిలు. కానీ మొదట్లో చేసినవాటిలో ఉక్కు పెళుసు. కొలిమిలో ఉక్కు ఎంత కాలిందో పనివాళ్ళు దాని రంగు చూసి, కంటి అంచనాతో చెప్పేవాళ్ళు. ఎండ బాగా కాసిన రోజున ఎర్రగా కాలిన ఉక్కు కూడా మసకగానే కనిపిస్తుంది, అందుకని ఇంకా కాల్చేవాళ్ళు. అలా కొన్ని తుపాకులు కాల్చేటప్పుడు పగిలాయి. మొదటి ప్రపంచయుద్ధం నాటికి కారణం పట్టుకుని పద్ధతి మార్చారు. అందుకే స్ప్రింగ్‌ఫీల్డ్ కార్ఖానాలో చేసినవాటిలో 8 లక్షల లోపు నెంబరున్న రైఫిలును కాల్చొద్దని పాత తుపాకులు సేకరించేవాళ్ళు ఇప్పటికీ హెచ్చరిస్తారు.

ఇంతవరకు చెప్పిన లోపాలు తెలియక జరిగినవి, లేదా ఒక గుణం కోసం భరించినవి. మన దేశం దగ్గరికొచ్చేసరికి పనిగట్టుకుని లోపం పెట్టిన తుపాకులు కనిపిస్తాయి. 1857 తిరుగుబాటు అణచాక ఇంగ్లిషువాళ్ళు భారతీయ సిపాయిల చేతిలో మంచి తుపాకీ ఉండకూడదనుకున్నారు. రైఫిలు గొట్టం లోపల మెలిక గాడులుంటాయి, గుండు తిరుగుతూ నేరుగా పోయేది వాటివల్లే. మన సిపాయిలకు ఆ గాడుల్లేని నున్నటి గొట్టపు తుపాకులిచ్చారు. ఆ తర్వాత కూడా చాలాకాలం బ్రిటిష్ సిపాయి కొత్త రకం పట్టుకుంటే పక్కనున్న భారతీయ సిపాయికి అంతకు ముందు తరందే. పోలీసులకూ జైలు కాపలావాళ్ళకూ బెంగాల్లోని ఇచ్ఛాపూర్ కర్మాగారంలో లీ ఎన్‌ఫీల్డ్ ఒంటికే నున్నటి గొట్టం బిగించి, మేగజైన్ చోట చెక్క దిమ్మె పెట్టి, ఒక్కసారికి ఒక్క తూటాయే పేలేలా చేసిన మస్కెట్లిచ్చారు. మామూలు త్రీనాట్‌త్రీ తూటాకు చేసింది కాదది. పదింటి తుపాకీని ఒక్కదానికి కుదించడానికి అంత శ్రద్ధగా పనిచేశారు.

1914లో మన సిపాయిలను ఫ్రాన్సుకు తీసుకెళ్ళినప్పుడు వాళ్ళ పాత రైఫిళ్ళు అక్కడి కొత్త తూటాకు పనికిరావని తేలింది. మార్సెయ్ రేవులో వాటిని తీసేసుకుని కొత్తవి చేతిలో పెట్టారు. చేతికి అలవాటు కాని తుపాకీతో, ఎన్నడూ చూడని చలిలోకి పంపారు. అయినా ఈప్ర్ దగ్గరా న్యూవ్ షపెల్ దగ్గరా వాళ్ళు నిలబడ్డ తీరు చరిత్రలో ఉంది.

మన మన్యంలో అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు తీసుకున్నాడు. తీసుకున్న వాటి వివరం స్టేషను పుస్తకంలో రాసి సంతకం పెట్టాడని చెబుతారు. ఈ కథలో అందరూ తుపాకుల లెక్కే గుర్తుపెట్టుకుంటారు. నాకు తూటాల లెక్క ముఖ్యమనిపిస్తుంది. తుపాకీకి వందచొప్పున కూడా రావు అవి. విల్లంబులతో కలిపి పోరాడిన ఆ మనుషులు ప్రతి తూటానూ చూసుకుని కాల్చాల్సిందే. అవతల సర్కారుకు కర్మాగారాలున్నాయి, రైళ్ళున్నాయి. తూటా సరఫరా లేనివాడి చేతిలో మౌజరైనా ఒకటే, మస్కెట్టైనా ఒకటే.

స్వాతంత్ర్యం వచ్చాక మనం చేసిన నిర్ణయాలనూ ఇదే కొలబద్దతో కొలవాలి. 1936 నాటికే అమెరికా, బోల్టు లాగే పని లేకుండా ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ పేలే గారాండ్ రైఫిలును తన సైన్యానికి తీసుకుంది. 1962లో మన జవాన్లు హిమాలయాల్లో ఇంకా త్రీనాట్‌త్రీ బోల్టు లాగుతూనే ఉన్నారు. ఎదురుగా చైనావాళ్ళ చేతుల్లో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు. ఆ నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ వేలాది అడుగుల ఎత్తున, ఎముకలు కొరికే చలిలో ఆ రైఫిళ్ళతోనే చివరిదాకా పోరాడింది. నూరుమందికి పైగా అక్కడే ప్రాణాలిచ్చారు. వాళ్ళ ధైర్యాన్ని కీర్తించడం మన ధర్మం. అంత ధైర్యవంతుల చేతికి మెరుగైన ఆయుధం ఎందుకివ్వలేదని అడగడమూ మన ధర్మమే. మొదటిది చేసి రెండోది వదిలేస్తే వాళ్ళ రుణం తీరదు. 2008 నవంబరులో ముంబయి రైల్వే స్టేషన్లో ఉగ్రవాదుల ఏకే రైఫిళ్ళకు ఎదురుగా అదే త్రీనాట్‌త్రీతో నిలబడ్డ పోలీసుల విషయంలోనూ ఈ ప్రశ్న అడగాలి.

ఇక మొదట్లో వేసుకున్న ప్రశ్నకు జవాబు. తప్పించుకోను. బల్ల మీద పెట్టి విప్పి చూసి ముచ్చటపడటానికి మౌజర్‌కు సాటి లేదు, అంత తూకంగా ఆలోచించి చేసిన యంత్రం అది. మంచులో, తర్ఫీదు లేని చేతిలో మోసిన్. తీరిక ఉన్నవాడికి రాస్. కానీ ఒక మామూలు సిపాయి బురదలో కూర్చుని, ఎదురొచ్చేవాళ్ళను ఆపి, ప్రాణాలతో ఇంటికి రావాలంటే, 1914 నాటి రైఫిళ్ళలో నా ఓటు త్రీనాట్‌త్రీకే. దాని అంచు తూటా, దాని వెనక బొడిపెలు, అన్నీ తెలిసే ఈ మాట అంటున్నాను. 1962లో మాత్రం నా ఓటు దానికి పడదు. తుపాకీ మారలేదు, ఎదుటివాడు మారాడు. మౌజర్ వైపు వాదించేవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. వాదించండి, వింటాను. ఒక్క షరతు: మీ వాదన బల్ల దగ్గర కూర్చున్నవాడి వైపు నుంచి కాకుండా, దాన్ని భుజాన మోసినవాడి వైపు నుంచి రావాలి.